మీ ప్రశ్న – మా జవాబు: సముద్రపుటొడ్డు నుంచి మంచుకొండలకు

ఎండలు ముదిరేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. మామూలు రోజుల్లో మోకాళ్ళ నొప్పుల గురించి, షుగరు గురించి, పిల్లలు అన్నం తినకపోవడం గురించి అడిగే పాఠకులు ఏప్రిల్ రాగానే లద్దాఖ్ గురించీ కేదారనాథ్ గురించీ అడగడం మొదలుపెడతారు. ఈసారి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచే అలాంటి ఉత్తరాలు ఎక్కువగా వచ్చినందున శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము. నెల్లూరు పట్టణం సముద్రమట్టానికి 20 మీటర్ల లోపు ఎత్తులో ఉంది. ఒంగోలూ దాదాపు అంతే. మన వైపు బాగా ఎత్తైనదని పేరుపడిన ఉదయగిరి దుర్గం కొండ 3,000 అడుగుల చిల్లర. లేహ్ పట్టణం 11,500 అడుగులు. ఉదయగిరి కొండలు మూడింటిని ఒకదానిమీద ఒకటి పేర్చినా లేహ్ బజారు అందదన్న ఈ లెక్కను మనసులో ఉంచుకుని చదివితే, కింది జవాబుల్లో నేను ఎందుకంత నసపెడుతున్నానో పాఠకులకు అర్థమవుతుంది.

ప్రశ్న: నా వయసు 44. మేము నాలుగు కుటుంబాలవాళ్ళం పిల్లలతో కలిసి జూన్‌లో ఆరు రోజులు లద్దాఖ్ వెళుతున్నాము. ట్రావెల్స్ వారు ఇచ్చిన కార్యక్రమం ప్రకారం మొదటి రోజు ఉదయం విమానంలో లేహ్‌లో దిగి ఆ మధ్యాహ్నమే ఊరు చూడాలి. రెండో రోజు ఖార్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయకు వెళ్ళాలి. మూడో రోజు రాత్రి పాంగాంగ్ సరస్సు దగ్గర బస. నేను రోజూ తెల్లవారుజామున ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాను. బీపీ, షుగరు లేవు. అయినా మాత్రలేవైనా వేసుకోవాలా? – ఒక ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, మీ నడక గుండెకూ కాళ్ళకూ మంచిదే గాని, ఎత్తు విషయంలో మాత్రం అది మీకు అక్కరకు రాదు. నిజానికి బాగా నడవగలిగినవారే మొదటి రోజు హుషారుగా తిరిగి, అందరికంటే ముందు మంచమెక్కడం నేను చూశాను. పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు, అక్కడా ఇక్కడా ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గినప్పుడు గాలి పలచబడి, ఒక్కొక్క శ్వాసలో ఊపిరితిత్తులకు చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. కావలిలో మీకు అందేదాన్ని నూరుగా లెక్కిస్తే, 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అందేది సుమారు అరవై అయిదు. 5,300 మీటర్లు దాటిన ఖార్దుంగ్ లా దగ్గర సగానికి కాస్త పైన. ఈ లోటును పూడ్చుకునే నేర్పు మన శరీరానికి ఉంది. ముందు శ్వాస వేగం పెంచుతుంది. ఆ వేగం వల్ల రక్తంలో పెరిగే క్షారగుణాన్ని మూత్రపిండాలు మెల్లగా బయటికి పంపుతాయి. వారాలు గడిచేకొద్దీ ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. అయితే ఈ సర్దుబాటుకు గంటలు చాలవు, రోజులు కావాలి. ఢిల్లీలో విమానమెక్కిన మనిషి గంటంపావులో లేహ్‌లో దిగుతాడు గాని, అతని శరీరం వెనకాల కాలినడకన వస్తోందనుకోండి.

1962 యుద్ధం నాటి నుంచి మైదానాల నుండి హిమాలయ సరిహద్దులకు తరలించిన సైనికుల్లో ఎత్తు పడక జబ్బుపడిన 1,925 మందిని పరిశీలించి, మన సైనిక వైద్యులు 1969లో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రపంచంలో ఈ విషయం చదివే వైద్యులు నేటికీ ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తారు. ఆ సైనికులంతా వ్యాయామంలో మనందరినీ మించినవారేనని మీకు వేరే చెప్పనక్కరలేదు.

వైద్యులు అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అనే ఈ జబ్బును మనం ఎత్తు జబ్బు అనుకుందాం. సాధారణంగా 2,500 మీటర్లు దాటిన చోటికి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత ఇది తలనొప్పితో మొదలవుతుంది. దానికి తోడు వికారం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉండడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. ప్రయాణ బడలిక అనో, పైత్యం చేసిందనో, నిన్న తిన్న పరోటా పడలేదనో పేరు పెట్టి మర్నాడు ఇంకా పైకి బయలుదేరతారు. ఎత్తుకు చేరిన తర్వాత వచ్చిన ఏ అనారోగ్యాన్నయినా, అది మరొకటని తేలేదాకా ఎత్తు జబ్బుగానే లెక్కించాలి. ఆ లక్షణాలు తగ్గేదాకా అడుగు పైకి వేయకూడదు. ఉన్నచోటనే ముదురుతుంటే వెంటనే కిందికి దిగాలి. మీ వెంట వచ్చే పిల్లల్లో మరీ చిన్నవారు తలనొప్పి అని చెప్పలేరు. ఆడుకునే పిల్లవాడు ఆట మానేసి, అన్నం తోసేసి, ఊరికే ఏడుస్తూ ఉంటే దాన్ని పేచీ అనుకోకండి.

ఇక మీ కార్యక్రమం. ట్రావెల్స్ వారు ఆరు రోజుల్లో అన్నీ ఇరికించారు గాని, అందులో ఒక మనిషి శరీరానికి చోటు పెట్టలేదు. మొదటి రెండు రాత్రులూ లేహ్‌లోనే ఉండండి. మొదటి రోజు పూర్తిగా గదిలో విశ్రాంతి. రెండో రోజు సాయంత్రం బజారు వరకు మెల్లగా నడక. మీలో ఎవరికైనా అనుమానంగా ఉంటే, విమానాశ్రయం నుంచి నేరుగా లేహ్ కంటే దిగువన, సుమారు 3,100 మీటర్ల ఎత్తులో సింధు నది పక్కన ఉన్న ఆల్చి గ్రామానికి వెళ్ళి అక్కడే రెండు రాత్రులు గడపడం ఇంకా మేలు. పాత గోడచిత్రాలున్న ఆలయం కూడా చూసినట్టవుతుంది. ఎత్తు జబ్బు విషయంలో పగలు ఎంత ఎత్తు దాటామన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నది ముఖ్యం. నుబ్రాకు వెళ్ళేటప్పుడు ఖార్దుంగ్ లా ఎంత ఎత్తున్నా, పడుకునే దిస్కిత్ ఊరు లేహ్ కంటే తక్కువ ఎత్తులో ఉంది గనుక, కనుమ దగ్గర పావుగంట మించి ఆగకపోతే మూడో రోజు ఆ ప్రయాణం పెట్టుకోవచ్చు. పాంగాంగ్ అలా కాదు. అది 4,200 మీటర్లు దాటుతుంది. 3,000 మీటర్లు దాటిన తర్వాత పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యుల సూత్రం. కాబట్టి పాంగాంగ్‌ను చివరికి నెట్టి, అప్పటికి అందరూ కులాసాగా ఉంటేనే వెళ్ళండి, లేకపోతే మానుకోండి. ఆ సరస్సు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.

మాత్ర విషయానికి వస్తే, అసిటజోలమైడ్ అనే మందు మూత్రపిండాలు చేసే సర్దుబాటును కొంత త్వరపరచి, ముఖ్యంగా నిద్రలో శ్వాసను మెరుగుపరుస్తుంది. మీలాగా నేరుగా విమానంలో దిగేవారికి దీన్ని సూచించడం సమంజసమే. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు ఉదయం సాయంత్రం, పైకి వెళ్ళే ముందు రోజు నుంచి, పైకి చేరాక మరో రెండు రోజుల దాకా ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది గనుక మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. వేళ్ళ కొసలు చిమచిమలాడడం, మూత్రం ఎక్కువగా రావడం, సోడా చప్పగా అనిపించడం ఈ మాత్ర సహజ గుణాలు. మాత్ర వేసుకున్నాం గదా అని తొందరపడితే మాత్రం అది కాపాడదు.

రెండు ప్రమాదాలను అందరూ గుర్తుపట్టగలగాలి. మనిషి తాగినవాడిలా తూలుతుంటే, మాట తడబడుతుంటే, మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో నడవలేకపోతే మెదడులో నీరు చేరుతున్నదని అర్థం. కూర్చున్నచోటనే ఆయాసం, విడవని దగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం, గులాబీరంగు నురగతో తెమడ కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నది. ఈ రెండింటిలో ఏది కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే, ఆక్సిజన్ పెట్టి కిందికి దించాలి. తెల్లవారనిద్దాం అనుకున్న చోటనే ప్రాణాలు పోతాయి.

నేను వైద్యుణ్ణై ఉండి, చాలా ఏళ్ళ క్రితం లేహ్‌లో దిగిన రోజు సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కి, ఆ రాత్రంతా వాంతులు చేసుకున్నాను. మర్నాడు స్నానం చేస్తే తేరుకుంటానని, బస ఇచ్చిన ఇంటి పెద్దావిడను రెండు బకెట్ల వేడినీళ్ళు అడిగాను. ఆవిడ ఒక చిన్న పాత్రలో నీళ్ళు, ఒక గిన్నెలో వేడి సూపు తెచ్చి ముందు పెట్టి, స్నానం వద్దని చేతితో సైగ చేసి, కూర్చోమని నేల చూపించింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన పది సెంటీమీటర్లని, మన నెల్లూరులో దానికి పది రెట్లు కురుస్తుందని, ఆవిడ నాకిచ్చిన పాత్ర ఆ ఇంటి లెక్క ప్రకారం ఉదారమైనదేనని తర్వాత తెలిసింది. తక్కువ నీళ్ళు, వేడి ఆహారం, మెల్లని నడక, ఒకచోట కూర్చోవడం అక్కడివారి మర్యాదలు. అవే నాకు అవసరమైన వైద్యం కూడా.

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్ళు. పదేళ్ళుగా బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతున్నది. కేదారనాథుణ్ణి చూడాలని పట్టుదల. ఆ రోజు దర్శనమయ్యేదాకా పచ్చి గంగ కూడా ముట్టనంటున్నది. నడిపించాలా, గుర్రమా, హెలికాప్టరా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారిని ఆమె ఎప్పుడూ చూపించుకునే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళి, ఈసీజీ, అవసరమంటే ఎకో, మూత్రపిండాల పరీక్ష చేయించండి. బీపీ, షుగరు అదుపులో ఉండి, ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగి, ఛాతీలో నొప్పి, ఆయాసం లేకపోతే వయసు ఒక్కటే అడ్డంకి కాదు. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకుని కొద్ది నెలలే అయినవారు, రక్తహీనత బాగా ఉన్నవారు ఈ ఏడు ఆగడమే ఉత్తమం.

కేదారనాథ్ 3,583 మీటర్లు. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్లు. అంటే దాదాపు పదహారు కిలోమీటర్ల దారిలో ఒకే పగలు 1,600 మీటర్లు ఎక్కి, ఆ రాత్రి అక్కడే పడుకుంటున్నాము. పై జవాబులో చెప్పిన 500 మీటర్ల సూత్రంతో పోల్చి చూసుకోండి. హెలికాప్టర్ అయితే ఈ ఎత్తంతా పది నిమిషాల్లోనే వచ్చిపడుతుంది. అయినా మీ అమ్మగారి విషయంలో నేను హెలికాప్టర్‌నే సూచిస్తాను, ఒక షరతు మీద: ఉదయం వెళ్ళి దర్శనం చేసుకుని అదే రోజు కిందికి వచ్చేయాలి. ఎత్తు జబ్బు పట్టడానికి కొన్ని గంటలు పడుతుంది గనుక, ఆ లోపు దిగిపోయిన మనిషికి ప్రమాదం చాలావరకు తప్పుతుంది. వాతావరణం చెడి హెలికాప్టర్లు ఆగిపోవడం అక్కడ మామూలే. అందుకని ఒక పూట పైన ఉండిపోవలసి వచ్చినా సరిపోయేటట్టు మందులు, స్వెట్టరు, టోపీ చేతిసంచిలోనే ఉండాలి. నాలుగు ధామాలూ చూసే ఉద్దేశం ఉంటే యమునోత్రి, గంగోత్రి, కేదారనాథ్, బదరీనాథ్ అనే పాత వరుసనే పాటించండి. మొదటి రెండు చోట్లా మూడు వేల మీటర్లకు పైన కొంత సమయం గడుస్తుంది గనుక, కేదారం చేరేసరికి శరీరానికి ఎత్తు కొంత పరిచయమవుతుంది.

ఉపవాసం విషయం సున్నితమైనది. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా చలిలో వరుసలో నిలబడితే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆ తిరుగుడు షుగరు వల్లనా ఎత్తు వల్లనా అని అక్కడ తేల్చేవారు ఉండరు. మన ఇళ్ళలో జబ్బుపడినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇవ్వడం కొత్తేమీ కాదు, మందు వేసుకోవడానికి పాలు, పండు తీసుకుంటే వ్రతభంగమనీ ఎవరూ అనరు. మీరు చెబితే వినకపోతే, ఆమె నమ్మే పురోహితుని చేత చెప్పించండి. వైద్యుడి మాట కంటే బాగా పనిచేస్తుంది. గౌరీకుండ్‌లో తెల్లవారుజామున చన్నీటి స్నానమనే పట్టుదల ఉంటే, నీళ్ళు తలమీద చల్లుకోవడంతో సరిపెట్టుకోమనండి.

ఇన్సులిన్ వాడేవారు దాన్ని గడ్డకట్టనివ్వకుండా, స్వెట్టరు లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. షుగరు చూసుకునే మిషన్ చలికి, ఎత్తుకు తప్పు అంకె చూపవచ్చు గనుక, అంకె బాగున్నా మనిషి బాగాలేకపోతే మనిషినే నమ్మండి. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. వాటిలో నీరు తీసే మాత్ర ఉంటే అక్కడ ఏం చేయాలో బయలుదేరే ముందే అడిగి రాసిపెట్టుకోండి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో మూలపడి ఉంటే తీసుకువెళ్ళవచ్చు గాని, ఇక్కడ 98 చూపే వేలు అక్కడ 88 చూపితే కంగారు పడకండి; ఆ ఎత్తులో అది చాలామందికి మామూలే.

గుర్రాల గురించి కూడా అడిగారు. ఆ కంచరగాడిదల మీద రోజుకు ఎన్నిసార్లు బరువు ఎక్కిస్తారో చూసినవారికి ఎక్కాలనిపించదు. తప్పనిసరైతే, కుంటుతున్నదాన్ని, వీపు పుండుపడినదాన్ని వద్దని మరొకటి అడగండి. ఇంకొక మాట. కేదారంలో పూజలు చేయించే అర్చకులు కర్ణాటక నుంచి వచ్చిన వీరశైవులు. బదరీనాథ్ రావల్, అంటే ప్రధాన అర్చకుడు, కేరళ నంబూద్రి. ఆ కొండలకు దక్షిణాది కొత్త కాదు, కాబట్టి మన పద్ధతి వేరు అంటూ అక్కడ వాదులాడవలసిన పని లేదు. గర్భగుడిలో ఫోను తీయకుండా ఉంటే చాలు.

ప్రశ్న: కర్పూరం వాసన చూస్తూ ఉంటే, వెల్లుల్లి తింటే ఎత్తు జబ్బు రాదంటారు. బజారులో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కోవాలా? – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: కర్పూరం ముక్కులో చల్లగా తగిలి ఊపిరి బాగా ఆడుతున్నట్టు భ్రమ కలిగిస్తుంది, అంతే; రక్తంలో ఆక్సిజన్ పెంచదు. పొరపాటున పిల్లలు మింగితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది గనుక జేబులో వేసుకుని తిరగకపోవడమే మంచిది. వెల్లుల్లి పులుసులో వేసుకుని తినండి, వైద్యమని మాత్రం అనుకోకండి. డబ్బాలోని ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే అయిపోతుంది. ఆ నిమిషాల్లో వచ్చే ఊరటను చూసుకుని దిగవలసిన మనిషి దిగకపోవడమే దానివల్ల వచ్చే నష్టం. అసలు అవసరం పడితే పెద్ద సిలిండరు ఉన్న ఆసుపత్రి కావాలి. లేహ్‌లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఇలాంటి రోగులను చూడడం అక్కడి వైద్యులకు నిత్యకృత్యం.

ప్రశ్న: మేము అయిదుగురు స్నేహితులం ఆగస్టులో బైకుల మీద మనాలి నుంచి లేహ్ వెళుతున్నాము. పోయినసారి వెళ్ళిన మావాడొకడు గోంపాలో, అంటే బౌద్ధ మఠంలో, బల్లమీద కూర్చుని ఫొటో దిగితే అక్కడి పెద్దలు గట్టిగా మందలించారట. ఏం తప్పు చేశాడో ఇప్పటికీ తెలియదంటాడు. మేము ఏమేమి పాటించాలి? చలికి రాత్రిపూట కాస్త మందు తీసుకుంటే తప్పా? – ఒక యువకుడు, నెల్లూరు

జవాబు: నాయనా, చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. మందు తాగితే చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి బయటికి పోతుంది. నిద్రలో శ్వాస మందగిస్తుంది. మర్నాటి తలనొప్పి మందుదో ఎత్తుదో తెలియదు. మొదటి మూడు నాలుగు రోజులు పూర్తిగా మానండి. నిద్రమాత్రలదీ అదే దారి. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది గాని, అంతే త్వరగా పైకి చేరిపోవడం కూడా మొదలైంది. మనాలి 2,050 మీటర్లు. అక్కడి నుంచి ఒక్క రోజులో 4,200 మీటర్లు దాటిన సర్చు గుడారాల్లో రాత్రి గడపడం ఈ దారిలో అందరూ చేసే తప్పు. కేలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఆగి, మూడో రోజు తెల్లవారుజామున బయలుదేరి సర్చులో పడుకోకుండా దాటిపోయే ఏర్పాటు చేసుకోండి. వ్యవధి ఉంటే శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్ళే దారి శరీరానికి ఇంకా అనుకూలం.

మీ స్నేహితుడు కూర్చున్నది లామాలు గ్రంథాలు పెట్టుకునే పీఠమో, వారు కూర్చునే ఆసనమో అయి ఉంటుంది. గోంపాల్లో అవి నేలకు తక్కువ ఎత్తులో బల్లల్లాగే కనిపిస్తాయి, అందుకే కొత్తవారు పొరబడతారు. మన గుడిలో భాగవతం పెట్టిన వ్యాసపీఠం మీద ఎవరైనా కాలుమీద కాలు వేసుకుని కూర్చుంటే మనం ఊరుకుంటామా? ఈ రకంగా మన వైపుకు తిప్పి చూసుకుంటే అక్కడి మర్యాదల్లో ముప్పాతిక భాగం మనకు తెలిసినవే. చెప్పులు, టోపీ, నల్లద్దాలు తీసి లోపలికి వెళ్ళాలి. బుద్ధ విగ్రహం వైపు, లామాల వైపు కాళ్ళు చాచకూడదు. చోర్తెన్ అనే స్తూపాలకు, ఓం మణి పద్మే హుం అని చెక్కిన రాళ్ళ గోడలకు ప్రదక్షిణంగా, అంటే అవి మన కుడిచేతి వైపు ఉండేటట్టు నడవాలి. దారి ఆ గోడకు రెండువైపులా చీలిన చోట బైకులు కూడా ఎడమ పక్క నుంచే పోనివ్వండి. ఆ రాళ్ళలో ఒక్కటి కూడా జ్ఞాపకార్థమని సంచిలో వేసుకోకూడదు. కనుమల దగ్గర కట్టే రంగు జెండాల్లోని అయిదు రంగులు ఆకాశానికి, గాలికి, నిప్పుకు, నీటికి, భూమికి గుర్తులు, మన పంచభూతాలే. వాటిని తొక్కడం, నడుముకు చుట్టుకుని ఫొటోలు దిగడం, బండికి అలంకారంగా తెంపుకోవడం అక్కడివారికి బాధ కలిగించే పనులు. పిల్లల తల నిమరకండి. తల పవిత్రమని వారి భావన. కొన్ని గోంపాల్లో రక్షక దేవతల గదిలోకి స్త్రీలను రానివ్వరు. ఆ నియమం మనకు నచ్చకపోవచ్చు, కాని గుమ్మం దగ్గర చర్చ పెట్టుకోవడానికి మనం వెళ్ళలేదు.

కారణం తెలియని ఆచారాలను ఏం చేయాలన్నది అసలు చిక్కు. మన మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా ఆరు రోజులు దేవతలకు, ఋషులకు వదిలిపెట్టామని చెబుతారు. ఎంత దూరం నుంచి వచ్చినవారైనా సోమవారం తలుపు తీయమని అడగరు. మన ఊరి రొట్టెల పండుగనే తీసుకోండి. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు ఇచ్చే రొట్టెను కోరిక ఉన్నవారు అందుకుంటారు, మతం అడగరు. ఆ నీళ్ళలో నిలబడి కన్నీళ్ళతో రొట్టె అందుకుంటున్న తల్లి ముఖం మీదికి ఒక పరాయి ఊరి కుర్రవాడు కెమెరా పెడితే మీకు ఎలా ఉంటుందో, గోంపాలో సాష్టాంగపడుతున్న ముసలివాణ్ణి మీరు ఫోనులో తీస్తే లద్దాఖీలకు అలాగే ఉంటుంది. ముందు జూలే అని పలకరించండి. నమస్కారానికి, కృతజ్ఞతకు, వీడ్కోలుకు ఆ ఒక్క మాటే. ఆపైన కెమెరా చూపించి కళ్ళతో అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. సైనిక స్థావరాలను, వంతెనలను మాత్రం అడిగి కూడా తీయకూడదు.

బసల్లో చాలాచోట్ల నీళ్ళు వాడని మరుగుదొడ్లు ఉంటాయి. పైన గదిలో నేలకు కన్నం, పక్కన మట్టి, పార. చూసి ముఖం చిట్లించకండి. నీళ్ళు తక్కువై, ఉన్నవి చలికాలంలో గడ్డకట్టే చోట అంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటి లేదు, ఆ ఎరువుతోనే వారి బార్లీ పండుతుంది. అందులో నీళ్ళు పోయడం, ప్లాస్టిక్ వేయడం చేస్తే ఒక ఏడాది ఎరువు చెడగొట్టినవారవుతారు. పచ్చిక మైదానాల్లో మర్మాట్ అనే బలిసిన ఉడుతలాంటి జంతువులు రోడ్డు పక్కకు వచ్చి చేయి చాస్తాయి. బిస్కెట్లు పెట్టకండి; చలికాలమంతా నిద్రపోవలసిన ఆ జీవి తిండి అలవాటు చెడుతుంది. మన నేలపట్టు పక్షుల కేంద్రంలో గూళ్ళు కట్టిన పక్షులను అక్కడి ఊరివారు ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో మీకు తెలుసు కదా.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగ విరమణ చేశాము. మానససరోవరంలో స్నానం చేయాలని మా కోరిక. వయసు 63, 59. సాధ్యమేనా? – దంపతులు, ఆత్మకూరు

జవాబు: అయిదేళ్ళు ఆగిన కైలాస యాత్రను ప్రభుత్వం 2025లో మళ్ళీ మొదలుపెట్టింది. ప్రభుత్వ యాత్రకు వయసు 18 నుంచి 70 లోపు ఉండాలి. ఎత్తు, బరువుల నిష్పత్తిని చూపే బీఎంఐ 25కు మించకూడదు. ఢిల్లీలో వైద్య పరీక్షలు నెగ్గాలి. కాబట్టి మీ వయసు అడ్డు కాదు, నడుము చుట్టుకొలత కావచ్చు. సరస్సు సుమారు 4,590 మీటర్ల ఎత్తులో ఉంది, కైలాస పరిక్రమలో దాటే డోల్మా లా కనుమ 5,600 మీటర్లు మించుతుంది. సరస్సులో దిగి మునగడాన్ని అక్కడి చైనా అధికారులు కొన్నేళ్ళ క్రితమే నిషేధించారు. నీళ్ళు తెచ్చుకుని ఒడ్డుకు దూరంగా పోసుకోవచ్చు. ఆ చలిలో కాళ్ళు, చేతులు, ముఖం తడుపుకుంటే చాలునని నా సలహా. పరిక్రమలో బౌద్ధులు మనలాగే ప్రదక్షిణంగా నడుస్తారు, టిబెట్ పాత మతమైన బోన్‌ను పాటించేవారు ఎదురుగా అప్రదక్షిణంగా వస్తారు. వారు దారి తప్పారనుకుని సరిదిద్దబోకండి.

ప్రశ్న: పిల్లలు లద్దాఖ్‌లో పప్పన్నం లేకపోతే ఉండలేరు. చిన్న కుక్కరు, కందిపప్పు తీసుకువెళ్ళనా? ఏమేమి కట్టుకోవాలి? – ఒక గృహిణి, కోవూరు

జవాబు: కుక్కరు లేకుండా కందిపప్పు మాత్రం తీసుకువెళ్ళకండమ్మా. గాలి ఒత్తిడి తక్కువైనందున లేహ్‌లో నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు పొయ్యిమీద ఉంచినా మామూలు గిన్నెలో పప్పు మెత్తబడదు. అయినా మొదటి రెండు రోజులు పప్పు, శనగలు తగ్గించడమే మంచిది. పైకి వెళ్ళేకొద్దీ కడుపులోని గాలి వ్యాకోచిస్తుంది గనుక పొట్ట ఉబ్బరం అక్కడ అందరికీ ఉండేదే, ఒకే గదిలో పడుకునేవారు పరస్పరం క్షమించుకోవలసిందే. అన్నం, జావ, బంగాళదుంప, అక్కడ దొరికే థుక్పా అనే వేడివేడి నూడుల్స్ సూపు తేలికగా అరుగుతాయి. ఆకలి లేకపోయినా కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినిపించండి; ఇందుకు మన పప్పుండలు, మలైకాజాలు చక్కగా పనికివస్తాయి. నీళ్ళు రోజుకు మూడు నాలుగు లీటర్ల దాకా చాలు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. అతిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదొక జబ్బు. అక్కడి ఎండ చల్లగా ఉంటుంది గాని చర్మాన్ని మన రోహిణీ కార్తె కంటే ఎక్కువగా కాలుస్తుంది. నల్లద్దాలు, పెదవులకు రాసే క్రీము పిల్లలకూ ఉండాలి.

ఎవరింట్లోనైనా వెన్న, ఉప్పు వేసిన టీ ఇస్తే ఒక గుక్కయినా తాగండి. మీరు గుక్క తాగగానే వారు మళ్ళీ నింపుతారు; చాలనుకుంటే గ్లాసు నిండుగా ఉంచి, లేచేటప్పుడు తాగడం అక్కడి పద్ధతి. మీ ఊరివారికి చేపల పులుసు లేనిదే ముద్ద దిగదని నాకు తెలుసు. అయితే లద్దాఖీ బౌద్ధులు సంప్రదాయంగా చేపలు తినరు. ఒక పెద్ద జంతువుతో ఎందరికో కడుపు నిండుతుంది గాని, చేపలైతే ఒక్క పూటకు ఎన్నో ప్రాణాలు పోతాయని వారి లెక్క. కాబట్టి బస ఇచ్చిన ఇంట్లో చేపల గురించి అడగవద్దు, వాగుల్లో పిల్లలచేత గాలం వేయించవద్దు. ఊరగాయ కొద్దిగా తీసుకువెళ్ళవచ్చు, గాజు సీసాలో మాత్రం కాదు. కనుమలు ఎక్కేటప్పుడు లోపలి గాలి ఉబ్బి మూతల నుంచి నూనె ఉరుకుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో ముప్పాతిక దాకానే నింపి, దాన్ని రెండు కవర్లలో చుట్టి, స్వెట్టర్లు లేని సంచిలో పెట్టండి.